కేస్ షీట్ ఒకటైతేనే కలిసినట్టు

ఆయుష్ డాక్టరు ఉన్న పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) మామూలుగా కనిపించే ఏర్పాటు ఇది. వరండాకి ఒక చివర ఎంబీబీఎస్ డాక్టరు గది, ఇంకో చివర ఆయుర్వేదమో హోమియోనో యునానీనో చూసే గది. ఇద్దరికీ వేర్వేరు ఓపీ రిజిస్టర్లు, వేర్వేరు చీటీలు, మందులకు వేర్వేరు ఇండెంట్లు. ఇక్కడ రాసిన బిళ్ల సంగతి అక్కడ తెలియదు. అక్కడ ఇచ్చిన చూర్ణం సంగతి ఇక్కడ తెలియదు. రెండు గదులకీ వెళ్లొచ్చిన మనిషి రెండు పొట్లాలూ ఒకే సంచిలో వేసుకుని ఇంటికి పోతాడు.

2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు, సంప్రదాయ వైద్యాన్ని ప్రధాన స్రవంతిలోకి తెస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇరవై ఏళ్లు దాటాయి. ఈలోగా 2014లో ఆయుష్‌కు ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చింది. 2022లో జామ్‌నగర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంప్రదాయ వైద్య కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ జరిగినందుకు నాకు సంతోషమే. కానీ రెండు వైద్యాలు కలిశాయా లేదా అన్నది భవనాలు చూసి తేల్చే విషయం కాదు. రోగి వాడే ప్రతి మందూ, బిళ్లైనా కషాయమైనా, ఒకే కేస్ షీట్ మీద కనపడాలి. మేలు జరిగినా కీడు జరిగినా అందులోనే రాయాలి. ఆ షీట్ ఇద్దరు డాక్టర్లూ చదవాలి. అది జరిగిననాడే కలిసినట్టు. అంతవరకూ మనం చేసింది పక్కపక్కన కూర్చోబెట్టడమే.

జనం మాత్రం ప్రభుత్వం కోసం ఆగలేదు. 2022 జూలై నుంచి 2023 జూన్ దాకా జాతీయ నమూనా సర్వే వాళ్లు ఆయుష్ మీద ప్రత్యేకంగా దేశమంతా తిరిగి అడిగారు. అంతకుముందు ఏడాదిలో ఏదో ఒక ఆయుష్ పద్ధతిని వాడినవాళ్లు పల్లెల్లో దాదాపు 46 శాతం, పట్టణాల్లో దాదాపు 53 శాతం అని తేలింది. అంటే సగం మంది. వీళ్లలో బీపీ, సుగర్, థైరాయిడ్ బిళ్లలు వాడేవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. రెండు వైద్యాలూ వీళ్ల ఒంట్లో రోజూ కలుస్తూనే ఉన్నాయి. కలవనిది డాక్టర్ల కాగితాల్లోనే.

మా నాయన విషయమే చెప్తాను. సుగర్‌కు గ్లిమిపిరైడ్ బిళ్ల వాడేవాడు, నెలనెలా పీహెచ్‌సీలో ఇచ్చేవాళ్లు. అదే కాంపౌండులో ఆయుష్ గదిలో సుగర్‌కే ఒక చూర్ణం కూడా ఇచ్చారు. పొడపత్రి ఆకు పొడి. నమిలితే కాసేపు నాలుకకి తీపి తెలియకుండా చేసే ఆకు, మన అడవుల్లో దొరికేదే. దానికి రక్తంలో చక్కెర తగ్గించే గుణం ఉందని చెప్పే పరిశోధనలున్నాయి. బిళ్ల సరైనదే, చూర్ణమూ సరైనదే కావచ్చు. రెండూ కలిపి, రాత్రి సరిగా తినకుండా పడుకున్న ముసలాయన తెల్లవారుజామున చెమటలు కారిపోతూ మాట తడబడి మంచం మీదనుంచి లేవలేకపోయాడు. అమ్మ నోట్లో చక్కెర పోసింది, 108 వచ్చింది. ఆస్పత్రిలో చూస్తే సుగర్ యాభైకి లోపు.

అక్కడ డ్యూటీలో ఉన్న నర్సమ్మ అడిగింది: "తాతా, బిళ్లలు కాకుండా ఇంకేమన్నా మందు తింటా ఉండావా?"

"లేదు మ్మా. ఆకుపొడి తింటా, అంతే."

ఆమె ఆ జవాబును పట్టుకోబట్టి సంగతి బయటపడింది. లేకపోతే బిళ్ల మోతాదు ఎక్కువైందని తగ్గించి పంపేవాళ్లు. చూర్ణం అలాగే సాగేది. ఆయనకు రెండు మందులు ఇచ్చిన ఇద్దరు డాక్టర్లూ మంచివాళ్లే, శ్రద్ధ ఉన్నవాళ్లే. ఒకరి చీటీ ఒకరు చూసే పద్ధతి అక్కడ లేదు. నా కోపమంతా ఆ లేని పద్ధతి మీద.

ఈ చర్చ మనకు కొత్తది కాదని కూడా గుర్తుచేయాలి. మద్రాసు ప్రభుత్వం 1921లోనే ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్యాల మీద కమిటీ వేసింది. 1925లో మద్రాసులో ప్రభుత్వమే దేశీయ వైద్య పాఠశాల పెట్టింది. ఆ రోజుల్లో మన తెలుగాయన ఆచంట లక్ష్మీపతి ఇంగ్లీషు వైద్యం చదివి, డిగ్రీ చేతిలో ఉండి కూడా ఆయుర్వేదం వైపు వచ్చారు, మద్రాసులో ఆయుర్వేద కళాశాల నడిపారు. (ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి.) ఆ కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన కుర్ర లెక్చరర్ యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను బలి తీసుకుంది. అదే జబ్బు ఆయనకూ వస్తే లక్ష్మీపతి వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవిత కథ రాసినవాళ్లు చెబుతారు. 1923లో అమెరికా వెళ్లిన సుబ్బారావు, తర్వాత లెడర్లీ లాబొరేటరీస్‌లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించారు. స్ప్రూ చికిత్సలో ఫోలిక్ యాసిడ్ ముఖ్యమైన మందు. ఒక వైద్యం వల్ల బతికిన మనిషి ఇంకో వైద్యంలో ఆ జబ్బుకు మందు దాకా వెళ్లాడు. ఏ పక్షం వాళ్లనీ తక్కువ చేయలేదు. రెండు వైద్యాల గురించి ఇప్పుడు టీవీల్లో జరిగే కొట్లాటలు చూసినప్పుడల్లా నాకు ఆ ఇద్దరే గుర్తొస్తారు.

స్వాతంత్ర్యం ముందు 1946లో భోర్ కమిటీ దేశీయ వైద్యాల సంగతి రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. 1948లో చోప్రా కమిటీ రెండింటినీ సమన్వయం చేయాలంది. ఆ తర్వాత కాలేజీలు, కౌన్సిళ్లు, చట్టాలు, శాఖలు అన్నీ విడివిడిగానే పెరిగాయి.

కలిపితే ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ ఒకటి మన దేశంలోనే ఉంది. ఫిస్టులా, అంటే మలద్వారం పక్కన పుండుపడి దారి ఏర్పడే జబ్బు. ఆయుర్వేదంలో భగందరం అంటారు. దానికి క్షారసూత్రం అనే చికిత్స ఉంది. గట్టి దారానికి జెముడు పాలు పూసి ఆరబెడతారు, ఇలా 11 పూతలు. ఆపైన జెముడు పాలతోపాటు ఉత్తరేణి మొక్కను కాల్చి తీసిన క్షారం, 7 పూతలు. చివర జెముడు పాలు, పసుపు కలిపి 3 పూతలు. మొత్తం 21 పూతల దారం. దాన్ని ఆ పుండు దారిగుండా పోనిచ్చి ముడేస్తారు, వారానికోసారి మారుస్తారు. దారం నెమ్మదిగా కోసుకుంటూ పోతుంటే వెనకాలే మానుతూ వస్తుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి దాన్ని నాలుగు కేంద్రాల్లో 265 మంది మీద మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసి 1991లో ఫలితం ప్రకటించింది. దారం పద్ధతిలో మానడానికి దాదాపు 8 వారాలు, ఆపరేషన్‌తో 4 వారాలు. కానీ జబ్బు తిరగబెట్టింది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 11 శాతం, దారం కట్టించుకున్నవాళ్లలో 4 శాతం.

ఇంతకంటే నిజాయితీ గల ఫలితం ఏముంటుంది? ఒకదానిలో త్వరగా మానుతుంది, ఇంకోదానిలో తిరగబెట్టడం తక్కువ. ఈ రెండు అంకెలూ రోగి ముందు పెట్టి, నీ పనిపాటలను బట్టి నువ్వే ఎంచుకో అని చెప్పాలి. జిల్లా ఆస్పత్రి సర్జరీ ఓపీలో ఈ మాట చెప్పే డాక్టరు ఉండాలి, దారం కట్టే ఆయుర్వేద శస్త్రవైద్యుడు అదే అంతస్తులో ఉండాలి. నేను కలిపేయడం అంటున్నది ఇదీ.

పరీక్ష పెడితే ప్రతిసారీ మన మందే గెలవదు. నేల ఉసిరి సంగతి చూడండి. కామెర్లకు మన ఊళ్లలో పోసే పసరుల్లో దానిదే పెద్ద పేరు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్ మోస్తున్నవాళ్లకు నెలరోజులు నేల ఉసిరి ఇచ్చి ఫలితాన్ని లాన్సెట్ పత్రికలో వేశారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. చేదుగా ఉన్నా ఇది కూడా మనకు కావలసిన జ్ఞానమే. ఊళ్లో పసరు తాగి కామెర్లు తగ్గినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. అదే హెపటైటిస్ ఈ నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. పసరు పోసే పెద్దాయనకు ఈ ఒక్క తేడా తెలిసి, కడుపుతో ఉన్న మనిషి వస్తే పసరు పోయకుండా ఆస్పత్రికి పంపితే చాలు. ఆయనకు అది చెప్పే బాధ్యత ప్రజారోగ్య శాఖలో ఎవరిది? ఇప్పటికైతే ఎవరిదీ కాదు.

సంప్రదాయ మందు కాబట్టి హాని ఉండదు అనే నమ్మకం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని వీధి లేదు. ఆయుష్ శాఖ ఇచ్చిన సూచనల్లోనూ ఆ మొక్క ఉంది. తర్వాత ముంబైలోనూ, ఆపైన దేశంలోని 13 వైద్య కేంద్రాల్లోనూ కాలేయ నిపుణులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. 13 కేంద్రాల అధ్యయనంలో ఉన్నది 43 మంది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. దాన్ని పోలిన వేరే తీగను పొరపాటున వాడి ఉంటారని వాదించింది. ఎవరు ఒప్పు అన్న గొడవలోకి నేను పోను. కోట్లమంది తాగిన ఒక మందు మీద ఆ గొడవ తేలకుండా ఉండటానికి కారణం ఒక్కటే, ఎవరు ఏ తీగ, ఎంత, ఎన్నాళ్లు, ఏ జబ్బు ఉండగా తాగారో ఎక్కడా రాసి లేదు. ఆయుష్ మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ వ్యవస్థ 2018 నుంచి ఉంది, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ దాని కేంద్రం. కానీ కామెర్లతో మనిషి చేరేది పక్కనున్న అల్లోపతి ఆస్పత్రిలో. అక్కడి డాక్టరు ఆ ఫారం నింపకపోతే ఢిల్లీలో ఏం తెలుస్తుంది?

మందుల లైసెన్సు విషయంలోనూ ఇదే లోపం. మన ఔషధ చట్టంలో ఒక జాబితా ఉంది. అందులోని ప్రామాణిక గ్రంథాల్లో చెప్పిన మందును చెప్పినట్టే తయారుచేస్తే, అది పనిచేస్తుందని కొత్తగా రోగుల మీద పరీక్ష చేసి చూపనక్కర్లేదు. ఆ జాబితాలో మన తెలుగు వైద్యులు తరతరాలుగా వాడిన బసవరాజీయం కూడా ఉంది. ఆ పుస్తకమంటే నాకు గౌరవం. కానీ బసవరాజుకు మన రోగి వాడే రక్తం పలచబరిచే బిళ్ల గురించి, డయాలసిస్ గురించి తెలిసే అవకాశం లేదు. ఆ పుస్తకం రాసేనాటికి లేని పరిస్థితుల్లో ఆ మందు వాడుతున్నప్పుడు, వాడాక ఏమైందో గమనించడం కనీస ధర్మం. 2004లో వచ్చిన ఒక అధ్యయనం కోసం బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. భస్మాల్లో లోహం కావాలనే వేస్తారు, శుద్ధి చేసే విధానం శాస్త్రంలో ఉంది, నిజమే. ఆ శుద్ధి సరిగ్గా జరిగిందని ప్రతి బ్యాచికీ చూపించమని అడగడం ఆయుర్వేదాన్ని అవమానించడం కాదు. కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లను పట్టుకుంటే ముందుగా బాగుపడేది నిజాయితీగా మందు చేసే వైద్యుడే.

ఇక నాకు బాగా దగ్గరి విషయం, పుత్తూరు కట్టు. తిరుపతి దగ్గరి పుత్తూరు పక్కన ఈశ్వరాపురంలో ఎముకలు కట్టే కుటుంబాలకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆకుల ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ. ఇంతే సరంజామా. విరిగినచోట వేళ్లతో తడిమి ఎముక సరిచేసి, ముద్ద పూసి, దబ్బలు పెట్టి చుడతారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా వస్తారు. ఇప్పుడు చాలామంది ఎక్స్‌రే చేత పట్టుకునే వస్తారు. మా చిన్నాన్న చింతచెట్టు మీదనుంచి పడి ముంజెయ్యి విరిగితే అక్కడే కట్టించుకున్నాడు. ఆ చేత్తోనే మళ్లీ మడక పట్టాడు. ఆపరేషన్‌కు అప్పు చేయాల్సిన ఇంట్లో ఆ కట్టు విలువ ఎంతో నాకు తెలుసు. చేతి నైపుణ్యం, తక్కువ ఖర్చు, నమ్మకం. ప్రజారోగ్యం కోరుకునేవన్నీ అందులో ఉన్నాయి.

దాని పేరు పెట్టుకుని ఊరూరా బోర్డులు వెలిశాయి. అలాంటి ఒక చోట, పుత్తూరుకు చాలా దూరంలో, మా వీధి పిల్లవాడికి కట్టు కట్టారు. మోచేతికి కాస్త పైన విరిగింది. పిల్లల్లో ఆ చోట విరిగితే ఎముక పక్కనే పోయే రక్తనాళం నలిగే ప్రమాదం ఉంటుంది, వాపు కూడా త్వరగా వస్తుంది. బిగుతుగా కట్టారు. రాత్రంతా పిల్లవాడు ఏడ్చాడు. కట్టు కొత్తది కదా, నొప్పి ఉంటుందిలే అనుకున్నారు ఇంట్లో. వేళ్లు చల్లబడి రంగు మారాక తీసుకుపోయారు. చెయ్యి దక్కింది గానీ వేళ్లు వంకరపోయి బిగుసుకుపోయాయి. రక్తం అందక కండరాలు చచ్చిపోయి ముడుచుకుపోవడం అది. వైద్య పుస్తకాల్లో దానికి వోల్క్‌మన్ కాంట్రాక్చర్ అని పేరుంది. కట్టు కట్టిన మనిషికి ఆ పేరు తెలియనక్కర్లేదు. వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, చాచినప్పుడు భరించలేని నొప్పి వచ్చినా వెంటనే కట్టు విప్పేసి ఆస్పత్రికి పంపాలన్న ఒక్క మాట తెలిస్తే చాలు. దాన్ని ఇంట్లోవాళ్లకీ చెప్పి పంపితే చాలు.

ఇథియోపియా దక్షిణ ప్రాంతంలో ఈ పనే చేశారు. అక్కడా ఎముకలు కట్టేవాళ్ల దగ్గరికే జనం పోతారు, బిగుతు కట్ల వల్ల కుళ్లిన చేతులు, కాళ్లు తీసేయాల్సి వచ్చేది. ఒక ఆస్పత్రి సర్జన్ ఆ చుట్టుపక్కల కట్టు కట్టేవాళ్లను పిలిచి ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాతి రెండేళ్లలో అలా తీసేయాల్సిన కేసులు బాగా తగ్గాయి. 2005లో ఎముకల వైద్య పత్రికలో ఆ ఫలితం వచ్చింది. ఒక్కరోజు శిక్షణకు ఏ ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు?

మన చట్టంలో అసలు వాళ్లకు చోటే లేదు. ఆయుష్ అంటే డిగ్రీ ఉన్న వైద్యులు. వంశపారంపర్యంగా చేసేవాళ్లు ఆ లెక్కలోకి రారు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్వచ్ఛందంగా సర్టిఫికెట్ ఇచ్చే పథకం ఒకటి పెట్టి అందులో ఎముకలు కట్టేవాళ్లను చేర్చింది, అది మంచి మొదలు. కానీ పీహెచ్‌సీకి దానితో సంబంధం ఉంటేనే ప్రయోజనం. పుత్తూరులోనే మొదలుపెట్టవచ్చు. కట్టు కట్టే చోట ఒక రిజిస్టరు. ఎక్స్‌రే లేకుండా కట్టు వద్దు. పుండుపడి ఎముక బయటికి కనిపిస్తున్న గాయం, పిల్లల మోచేతి పైభాగం, తుంటి, వెన్నెముక – ఇవి నేరుగా ఆస్పత్రికి. కట్టిన మర్నాడు ఆ ఊరి ఆశా కార్యకర్త వేళ్లు చూసి రావాలి. ఆరు వారాలకు ఇంకో ఎక్స్‌రే తీసి, ఎముక నిటారుగా అతికిందో వంకరగా అతికిందో రాసిపెట్టాలి. రెండు మూడేళ్లు ఇలా రాస్తే, ఏ రకంగా విరిగినదానికి ఈ కట్టు చాలు, దేనికి చాలదు అన్నది ఎవరి నమ్మకాలతోనూ పని లేకుండా తెలుస్తుంది. ఆ కుటుంబాలకు దీనివల్ల నష్టమేమీ లేదు, వాళ్ల పేరు పెట్టుకుని చేతులు పాడుచేసేవాళ్లకే నష్టం.

రాయకపోతే ఏమవుతుందో 2021 మే నెలలో అందరం చూశాం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల జనం. బెడ్లు దొరక్క, ఆక్సిజన్ దొరక్క, మనుషులు కళ్లముందు పోతున్న రోజులవి. ఆ వరుసల్లో నిలబడినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని నా నమ్మకం. మందు పంచడం ఆపించారు, కమిటీలు వచ్చాయి, మందు తీసుకున్నవాళ్ల అనుభవాలు సేకరించే పనిలో ఆయుర్వేద వైద్యులు పడ్డారు. మే 31న కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి, ఆయన మందుల్లో కొన్నిటిని ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. హాని లేదన్నారు, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలు లేవనీ అన్నారు. అంత పెద్ద ఎత్తున వాడిన ఆ మందు గురించి ఈనాటికీ మనకు గట్టిగా తెలిసింది ఏమీ లేదు. మొదటి రోజునుంచే పేరు, ఫోన్ నంబరు, పరీక్ష ఫలితం, ఆక్సిజన్ అంకె రాసుకునే మనుషులను పీహెచ్‌సీ నుంచి పంపి ఉంటే తెలిసేది. హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు చేప ప్రసాదానికీ ప్రభుత్వం బారికేడ్లు, తాగునీళ్లు, చేపపిల్లలు అన్నీ సమకూరుస్తుంది. ఆస్తమా ఉన్న వేలమంది ఒకేచోట ఉంటారు. వాళ్ల ఊపిరి ఎంత బలంగా ఉందో ఆ రోజూ కొలవరు, ఆర్నెల్లకూ కొలవరు.

పాముకాటు గురించి మాత్రం నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను. మన దేశంలో ఏటా సగటున 58 వేలమంది పాముకాటుతో చనిపోతున్నారని అంచనా. అక్కడ పసరుకు, మంత్రానికి చోటు లేదు. విషం విరుగుడు ఇంజెక్షనే మందు. మంత్రగాడు చేయగల మేలు ఒక్కటే, వచ్చిన మనిషిని బండెక్కించడం. చాలా ఊళ్లలో జనం ముందు పరుగెత్తేది ఆయన దగ్గరికే కాబట్టి, ఆయన ఫోన్‌లో 108 ఉండాలి, ఆయన్ను నమ్మకంగా మనవైపు తిప్పుకోవాలి.

ఆయుష్ డాక్టర్ల గురించి చెప్పకపోతే అన్యాయం. ఐదున్నరేళ్ల కోర్సు చదివి వచ్చినవాళ్లను మనం ఎక్కువగా వాడుకుంటున్నది ఖాళీలు నింపడానికి. బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాల్లో డాక్టర్లు ఆయుష్ వాళ్లే. మంచి పని, బాగా చేస్తున్నారు. కానీ అక్కడ వాళ్ల ఆయుర్వేదానికి పని లేదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గుజరాత్ ప్రభుత్వం వేసిన కేసులో, అత్యవసర చికిత్స లాంటివి చేసే ఎంబీబీఎస్ డాక్టర్లతో సమానంగా జీతం అడగలేరని ఆయుర్వేద డాక్టర్లకు చెప్పింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, ఆ డాక్టరు స్థితి ఆలోచించండి. తన వైద్యం చేయమంటే మందుల ఇండెంటు నెలల తరబడి రాదు. అవతలి వైద్యం చేయమంటే అది నీది కాదంటారు. అలాంటి మనిషిని కేస్ షీట్‌లో భాగస్వామిని చేయాలి. నడుంనొప్పి, మోకాళ్ల నొప్పులు, మలబద్ధకం, నిద్రలేమి, మొలలు – పీహెచ్‌సీ ఓపీలో పెద్ద భాగం ఇవే. నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగి కిడ్నీ పాడుచేసుకునే ముందు ఆయన తైలం, ఆయన పథ్యం, ఆయన చెప్పే వ్యాయామం ఎంతవరకు పనిచేస్తాయో పక్కగది డాక్టరుతో కలిసి చూసే అవకాశం ఇవ్వాలి.

దీనికి రెండు వైపుల నుంచీ అభ్యంతరం వస్తుంది. హేతువాద మిత్రులు, రుజువు కాని వైద్యాన్ని కేస్ షీట్‌లోకి తేవడమంటే దానికి ముద్ర వేయడమే అంటారు. సిగరెట్టు అలవాటు రాసినంత మాత్రాన దానికి ముద్ర వేసినట్టా? రోగి ఒంట్లోకి పోతున్నది ఏదైనా డాక్టరుకు తెలియాలి, అంతే. రాయడం మానేస్తే వాడటం ఆగదు, దాచడం పెరుగుతుంది. అటువైపు, ఆయుర్వేదాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు, మా వైద్యం మనిషి మనిషికీ మారుతుంది, మీ కొలతలకు అందదు అంటారు. మనిషి మనిషికీ మార్చి ఇవ్వండి, ఎవరికి ఏం ఇచ్చారో రాయండి, ఎవరు లేచి తిరిగారో రాయండి. దానికి ఏ సిద్ధాంతమూ అడ్డం రాదు. చరక సంహితలోనే వైద్యుడికి పరీక్షించి చూసే బుద్ధి ఉండాలని పదేపదే చెప్పారు.

సాధ్యం కాదనడానికి వీల్లేదు. 2021 నుంచి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆరోగ్య ఖాతా నంబర్లు ఇస్తున్నారు. ఆయుర్వేద, సిద్ధ, యునానీ రోగాల పేర్లకు జాతీయ కోడ్‌లు తయారయ్యాయి. 2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని తన రోగాల వర్గీకరణలో అదనపు భాగంగా విడుదల చేసింది. అంటే ఆమవాతం అని ఆయుర్వేద డాక్టరు రాసినదీ, ఆర్థరైటిస్ అని ఎంబీబీఎస్ డాక్టరు రాసినదీ ఒకే ఖాతాలో పక్కపక్కన కనపడే ఏర్పాటుకు సామగ్రి అంతా ఉంది. ఆశా కార్యకర్త ముప్పై దాటిన ప్రతివాళ్ల ఇంటికీ వెళ్లి పొగాకు, మద్యం, బీపీ, సుగర్ గురించి అడిగి ఫారం నింపుతోంది. ఇంట్లో ఏ ఆకు, ఏ పొడి, ఏ తైలం, ఏ కషాయం వాడుతున్నారన్న ప్రశ్న ఆ ఫారంలో చేర్చాలి. ఓపీ చీటీ రెండు గదులకూ ఒకటే కావాలి. నెలకోసారి ఇద్దరు డాక్టర్లూ ఫార్మసిస్టుతో కూర్చుని, రెండు రకాల మందులూ వాడుతున్నవాళ్ల పేర్లు ముందేసుకుని, సుగర్ పడిపోయినవాళ్లు, కాలేయం పరీక్ష చేయించాల్సినవాళ్లు, మందు ఆపించాల్సినవాళ్లు ఎవరో చూడాలి. ఆ సమావేశం పెట్టే బాధ్యత పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ది, జరిగిందా లేదా అని అడిగే బాధ్యత జిల్లా వైద్య ఆరోగ్య అధికారి డీఎంహెచ్‌ఓది. రెండు రాష్ట్రాల్లో ఏ ఒక్క జిల్లా కలెక్టరు అనుకున్నా, కొత్త చట్టం లేకుండా, ఒక సర్క్యులర్‌తో వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.